కడపంక్తి విస్తరి: ఓడలమీది పక్షపాతమును కొలిచిన కథ

వడ్డించువాడు మనవాడైనచో కడపంక్తిని కూర్చున్నను ఒకటే యని మనలో సామెత. ఈ మాటకు నవ్వువారే కాని, ఇందలి నిజమెంతయో లెక్కవేసి చూచువారు అరుదు. విస్తరిలో పడిన బూరెలను లెక్కించుట కష్టము కాదు. వడ్డించినవాడు చుట్టఱికము చూచి పెట్టెనా, ఆకలి యెఱిగి పెట్టెనా యని తేల్చుటయే కష్టము. నేటి ప్రసంగమునకు విషయ మిట్టిదే. కాని యీ పంక్తి పెండ్లిపందిరిలోనిది కాదు, సముద్రముమీదిది. ఇంగ్లాండు రాజనౌకాదళమున పదునేడవ శతాబ్దము చివరినుండి పందొమ్మిదవ శతాబ్దము నడిమివఱకు అధికారులకు పదవు లెట్లు లభించెనో, అందు బంధుప్రీతి పాలెంతయో, ఆ బంధుప్రీతి ఓడలకు మేలు చేసెనో కీడు చేసెనో, ఇటీవలి చరిత్రకారులు గణాంకశాస్త్రముతో కొలువజొచ్చిరి.

కచేరీలో చేతకాని గుమాస్తా యొకడు చేరినచో కాగితములు కొంత యాలస్యమగును, అంతియే. ఓడ యట్టిది కాదు. 74 ఫిరంగుల యుద్ధనౌకలో ఐదాఱువందల మంది యుందురు. తీరము విడిచిన పిమ్మట వారందఱికి దిక్కు కెప్టెనొక్కడే. తెరచాప లెప్పుడు దించవలెనో, శత్రువు నెదుర్కొనవలెనో తప్పుకొనవలెనో నిర్ణయించువాడు ఆతడే. ఆ పదవి ఆతనికి మేనల్లుడని దక్కినదా, నేర్పరియని దక్కినదా యనుట ఆ నావికుల ప్రాణములకు సంబంధించిన ప్రశ్న. ఆ మాట వారి నెవరును అడుగలేదు. యుద్ధకాలమున వారిలో ననేకులు రేవులలో బలవంతముగా పట్టి తేబడినవారు.

ఆనాటి పద్ధతిని కొంచెము చెప్పవలెను. అధికారి కాగోరు బాలుడు పండ్రెండు పదమూడేండ్ల ప్రాయమున ఎవరో యొక కెప్టెను అనుగ్రహమున ఓడ యెక్కును. కొన్నేండ్లు మిడ్‌షిప్‌మనుగా పని నేర్చి, పరీక్షలో నెగ్గి, లెఫ్టినెంటగును. దానిపై కమాండరు, ఆపై పోస్టు కెప్టెను. ఇంతవఱకు ప్రతి మెట్టును పైనున్నవాడు చేయి యందించిననే యెక్కవలెను. చిత్రమేమనగా, పోస్టు కెప్టెనైన తరువాత ఎవరి సిఫారసుతోను పని లేదు. జాబితాలో ముందున్నవారు గతించినకొలది వెనుకవారు ముందునకు జరిగి, బ్రదికియున్నచో అడ్మిరలగుదురు. కావున పలుకుబడి గలవారు తమ పిల్లలను ఎంత చిన్నతనమున ఆ జాబితా కెక్కింతుమా యని తొందరపడిరి. ఎక్కినంత మాత్రమున ఓడ దొరకునని నమ్మకము లేదు. ఓడ లేనివారు అర్ధజీతముపై ఒడ్డుననే కాలము గడపుదురు. ఓడ యిచ్చుటయు అడ్మిరల్టీ వారి చేతిలోని పనియే.

లెఫ్టినెంటు పరీక్షను 1677లో ఏర్పఱచినవాడు శామ్యూల్ పీప్సు. అభ్యర్థికి ఇరువదియేండ్లు నిండవలెను, మూడేండ్లు సముద్రముమీద గడపవలెను, అందొక యేడు మిడ్‌షిప్‌మనుగా పనిచేసియుండవలెను. అంతకుముందు నౌకాదళమున రెండు తెగల కెప్టెనులుండిరి: ఆస్థానమునుండి నేరుగా వచ్చిన దొరబిడ్డలు, ఓడపనిలో పుట్టి పెరిగిన ‘తారుగుడ్డలవారు’. మొదటివారికి అడ్డుకట్టగా పీప్సు పరీక్ష పెట్టెను. మఱి ఆ పీప్సు తాను నౌకాదళ కార్యాలయమున ఎట్లు చేరెననుకొందురు? 1660లో తన బంధువగు ఎడ్వర్డు మాంటేగు ప్రభువు అండతో చేరెను. అప్పటి కాతనికి ఓడల సంగతి స్వల్పముగా తెలియును. గుణకారపు టెక్కములైనను రావు. 1662లో, ఇరువదితొమ్మిదవ యేట, రాయల్ చార్లెస్ అను ఓడలో మేటుగా పనిచేసిన కూపరు అనువానిని పిలిపించుకొని ఎక్కములు వల్లెవేసెను. ఈ సంగతి తన దినచర్యలో తానే వ్రాసికొనెను. గురుదక్షిణగా కూపరునకు రిజర్వు అను ఓడలో మాస్టరు పని యిప్పించెను. బంధువు వలన పదవికి వచ్చినవాడును, చదువు చెప్పినవానికి పదవి యిప్పించినవాడును, సిఫారసుల కడ్డముగా పరీక్ష పెట్టినవాడును ఒక్కడే. పైగా ఆ కార్యాలయమున కంతటి సమర్థుడు మఱల దొరకుట యరుదయ్యెను. మాంటేగు ప్రభువు చేసినది పక్షపాతమే. దాని వలన దేశమునకు కలిగినది లాభము. ఇచ్చటనే మన చిక్కు ప్రారంభమగుచున్నది.

మఱికొన్ని కథలు చూడుడు. హొరేషియో నెల్సను 1771లో, పండ్రెండవ యేట, తన మేనమామ మారిస్ సక్లింగు కెప్టెనుగా నున్న ఓడ యెక్కెను. 1775లో సక్లింగు నౌకానిర్వహణ సంఘమున కధ్యక్షుడయ్యెను. 1777 ఏప్రిల్ 9వ తేదిని నెల్సను లెఫ్టినెంటు పరీక్షకు పోగా, పరీక్షకులలో పెద్ద సక్లింగే. నియమము ప్రకారము ఇరువదియేండ్లు నిండవలెను గదా; నెల్సనుకు నిండినవి పదునెనిమిది. వయసు ఇరువది దాటెనని కాగితమున నెక్కినది. మఱునాడే ఉద్యోగము వచ్చెను. ఈ మేనల్లుడు తరువాత నైలులోను ట్రఫాల్గరులోను ఏమి చేసెనో మీరెఱుగుదురు.

అదే నెల్సను తన సవతికొడుకు జొసయ్యా నిస్బెట్టును పైకి తెచ్చెను. 1797లో టెనెరీఫ్ దండయాత్రయందు నెల్సను చేతికి గుండు తగిలి నెత్తురు కారుచుండగా, కట్టుకట్టి ప్రాణము నిలిపినవాడీ నిస్బెట్టు. మారుతండ్రికి కృతజ్ఞత యుండుట సహజము. ఆ యేడే కమాండరును, మఱుసటి యేడు కెప్టెనును జేయించెను; అప్పటికి కుఱ్ఱవాని కిరువదియేండ్లు నిండలేదు. 1800లో ఆతని ఓడను తిరిగి తీసికొనిరి. మఱల ఓడ నిచ్చినవారు లేరు. ఇక అడ్మిరల్ రాడ్నీ 1780లో తన కుమారుడు జానును పోస్టు కెప్టెనును చేసెను. ఆ కెప్టెను వయసు పదునైదు. మనయూళ్లలో ఆ ప్రాయపువానికి తోటకు కాపలా యప్పగించుటకైన సందేహింతుము. ఆ రాడ్నీయే రెండేండ్లలో, 1782లో, సెయింట్స్ యుద్ధమున ఫ్రెంచి నౌకాదళమును ఓడించెను.

తామస్ కాక్రేను కథ మఱియు చిత్రము. ఆతని కైదేండ్ల వయసుననే పినతండ్రి ఆతని పేరు ఓడల పట్టీలలో వ్రాయించెను. బాలుడు ఇంట పాలన్నము తినుచుండగా ఆతని సముద్రసేవ కాగితముమీద పెరుగుచుండెను. నిజముగా ఓడ యెక్కినది 1793లో, పదునేడవ యేట. ఇది మోసమే, అందఱును చేయుచున్న మోసము. కాని 1801 మేలో ఈ కాక్రేను, 14 చిన్న ఫిరంగులును, తనతో కలిసి 54 మందియు గల స్పీడీ అను ఓడతో, 32 ఫిరంగులును 319 మందియు గల ఎల్ గామో అను స్పెయిను యుద్ధనౌకపై బడి దానిని పట్టుకొనెను.

ఇట్టి కథలు నూఱు చెప్పవచ్చును. సిఫారసు మంచిదనువాడు నెల్సనును చూపును, చెడ్డదనువాడు నిస్బెట్టును చూపును. రచ్చబండ కడ వాదము తెల్లవార్లు సాగును గాని తెగదు. కారణము స్పష్టము. కథలుగా నిలిచినవి అసాధారణములు. మహావీరులను మహామూర్ఖులను మాత్రమే జనము జ్ఞాపకముంచుకొందురు. నడుమనున్న వేలమంది కెప్టెనులు, ఎవరి మేనల్లుండ్రో, ఎవరికిని ఏమి కానివారో, ఓడ నడిపి, ముసలివారై చనిపోయిరి. పక్షపాతము యొక్క నిజమైన తూకము వారిలో నున్నది. ఒకరిద్దఱి గెలుపు పాచికలాటలో పండ్రెండు పడినట్లు అదృష్టవశమున కావచ్చును. ఐదువేలమంది విషయమున అదృష్టము ఒకే వైపున వ్రాలదు.

ఆ ఐదువేలమంది సంగతి తెలియుటకు ఆంగ్లేయుల కొక సుగుణము తోడ్పడినది: వారు కాగితము పాఱవేయరు. ఎవరి కెన్నడు ఏ పదవి వచ్చెనో, ఏ ఓడను ఎవరు నడిపిరో, పరీక్షలలో నెగ్గినవారి యోగ్యతాపత్రములు, అర్ధజీతపు పుస్తకములు, ఓడల దినచర్యలు నేటికిని లండను చెంత క్యూలోని జాతీయ పత్రభాండాగారమున నున్నవి. ఏ యోడ యే శత్రునౌకను పట్టెనో, ముంచెనో, ఏది తానే పట్టువడెనో వ్రాతపూర్వకముగా నున్నది. ఇక ప్రభువంశముల వంశవృక్షములు వారికి మన పంచాంగములవంటివి, ఇల్లిల్లునకు నుండును. ఈ రెంటిని ఒకచోట చేర్చినచో, పదవి నిచ్చినవాడు పుచ్చుకొన్నవానికి ఏమి కావలెనో బయటపడును.

హాన్స్ యోఆఖిమ్ ఫోత్, గువో షు అను ఇద్దఱు ఆర్థికచరిత్రకారులు ఈ పనికి పూనుకొనిరి. 1690 మొదలు 1849 వఱకు పదోన్నతి పొందిన 5,800 మందికి పైబడిన అధికారుల వివరములు సేకరించిరి. నౌకాదళపు పెద్దలతో చుట్టఱికము కలవా రెవరు, లేనివా రెవరు అని విభజించిరి. తరువాత వేసిన ప్రశ్నలోనే యున్నది వారి తెలివి. ‘చుట్టములకు పదవులెక్కువ వచ్చెనా?’ యన్నంతతో వారాగలేదు. ఎక్కువ వచ్చినంత మాత్రమున పక్షపాతమని నిశ్చయింపరాదు. ఓడల కుటుంబమున పుట్టినవానికి ఓడపని యెక్కువ తెలిసియుండవచ్చును గదా. అందువలన వారు పదవి వచ్చిన పిమ్మట ఏమి జరిగెనో చూచిరి.

దీనిని మన పంక్తి భాషలో చెప్పెదను. వడ్డించువాడు తన మేనల్లుండ్రకును పరాయివారికిని కూడ బూరెలు పెట్టెను. ఎవరి కెన్ని పెట్టెనో చూచి తగవులాడుట కంటె, భోజనానంతరము అందఱిని గోదాలోనికి దింపుడు. మేనమామ చేతకానివారిని కూడ చుట్టఱికముచే మేపియున్నచో, మేనల్లుండ్రు సగటున ఓడిపోవుదురు. పరాయివారు గట్టివారైననే గాని ఆ విస్తరి కడకు రాలేరు గనుక గెలుతురు. ఒకవేళ మేనల్లుండ్రే గెలిచినచో, మామ కన్ను మంచిదనవలెను. మేనల్లుండ్రలో చేతగానివా రెవరో బయటివారికంటె ఆతనికే తెలియును.

ఇందు మోసపోవుటకు తావులు లేకపోలేదు. చుట్టమునకు మంచి ఓడ నిచ్చి, శత్రువుల వర్తకనౌకలు విరివిగా తిరుగు సముద్రమునకు పంపినచో, ఆతడు పట్టిన ఓడలు ఆతని నేర్పునకు గుర్తు కావు, మామ ప్రేమకే గుర్తు. శాంతికాలమున కెప్టెనైనవాడు ఎంతటి శూరుడైనను ఒక్క యోడనైన పట్టలేడు. కావున ఇట్టి లెక్కలు వేయువారు మనుష్యులను గంపగుత్తగా పోల్చరు. ఒకే కాలపువారిని, ఒకేవిధమైన అవకాశము గలవారిని ఎదురెదుట నిలిపి, కాలము, ఓడ, అనుభవము మొదలైనవాని పాలు ఒక్కొక్కటిగా తీసివేసి, మిగిలినదానినే చుట్టఱికము ఖాతాలో వ్రాయుదురు. కంసాలి రాళ్లను వేఱుచేసి బంగారమును తూచినట్లు ఈ పని సాగును. ఎంత జాగ్రత్తపడినను కొంత రాయి మిగులును. ఆ మిగులు ఎంత యుండవచ్చునో కూడ చెప్పగలుగుట యీ శాస్త్రము గొప్ప.

ఫలితము చాలమంది యూహించినది కాదు. పెద్దల చుట్టములై పదోన్నతి పొందినవారు, చుట్టఱికము లేక పొందినవారికంటె యుద్ధములలో మెఱుగైన ఫలితమునే చూపిరి. మొత్తముమీద ఈ దళమున అండ వలన మేలే కలిగెనని తేలినది. కాని ఆ ‘మొత్తముమీద’ అను మాట క్రింద చాల సంగతి దాగియున్నది. పదవులు చేతిలోనున్న అడ్మిరలులలో ఒక్కొక్కరిది ఒక్కొక్క తీరు. కొందఱు చుట్టములలోనుండి గట్టివారిని ఏరి తీసిరి. కొందఱు చేతకాని బంధువులను నెత్తికెక్కించుకొనిరి. మొదటి తెగవారు ఎక్కువమంది యగుటచే సగటు మంచివైపు వ్రాలినది. త్రాసుముల్లు మంచివైపున నిలిచినంత మాత్రమున రెండవ పళ్లెము ఖాళీ కాదు.

ఇట్లేల జరిగెను? నాకు తోచిన కారణము చెప్పెదను. ఆ దళమున పట్టుకొన్న ఓడల విలువను వారికే పంచి యిచ్చెడివారు. 1808 వఱకు ఎనిమిది పాళ్లలో మూడు కెప్టెనువి. అందొక పాలు ఆ ప్రాంతపు అడ్మిరలునకు పోవును. అనగా అసమర్థుడైన మేనల్లునికి మంచి ఓడ నిచ్చిన అడ్మిరలు తన సంచికే చిల్లు పెట్టుకొనెను. ఇంతకంటె కఠినమైన విషయ మొకటి కలదు. అడ్మిరల్ జాన్ బింగు మహానావికుడగు టారింగ్టను ప్రభువు కుమారుడు, ఇరువదిమూడేండ్లకే కెప్టెనైనవాడు. 1756లో మినార్కా కడ తన శక్తివంచన లేకుండ పోరాడలేదని నేరము మోపి, 1757 మార్చి 14వ తేదిని మోనార్కు అను ఓడమీద మోకాళ్లపై నిలిపి తుపాకులతో కాల్చి చంపిరి. తండ్రి పేరు ఆతనిని పైకి తెచ్చెను గాని కాపాడలేదు. అట్టిచోట, గట్టివాడు కాని కొడుకును ఓడ యెక్కించుటకు ఏ తండ్రియైనను ఒకమాఱు వెనుకాడును.

ఇది నా యూహ మాత్రమే యని మీరనవచ్చును. కాని ఈ గువో షు గారే వ్రాసిన మఱియొక గ్రంథము దీనికి ప్రక్కబలముగా నున్నది. 2018లో వెలువడిన ఆ పరిశోధన ఓడలనుగూర్చినది కాదు. 1854 మొదలు 1966 వఱకు బ్రిటిషు వలసరాజ్యములను పాలించిన గవర్నరులను గూర్చినది. అచ్చటి కొలత మఱింత ముచ్చటైనది. లండనులోని వలసరాజ్యముల మంత్రి మాఱుచుండును, గవర్నరు మాఱడు. మంత్రి తన చుట్టమో పరిచితుడో అయిన యేండ్లలో ఆ గవర్నరు స్థితి యెట్లుండెను, కానివాడు వచ్చిన యేండ్లలో ఎట్లుండెను? మనుష్యు డొక్కడే, నేర్పొక్కటే, మాఱినది వడ్డించువాడు. లెక్కలో తేలినదేమనగా, తనవాడు పీఠమున నున్నప్పుడు గవర్నరునకు ఎక్కువ జీతముగల సీమ దొరకెను. మఱియు ఆ కాలముననే ఆతని పాలన చెడెను. 1930లో వారెన్ ఫిషరు సంఘపు సిఫారసులతో పద్ధతి మాఱి, నియామకములు మంత్రి యిష్టమునుండి తప్పిన పిమ్మట ఈ తేడాలు మాయమయ్యెను.

ఒడ్డున నున్న గవర్నరును సముద్రముమీద శత్రువు పరీక్షింపడు. ఆతని తప్పునకు ఆతని ఓడ మునుగదు. శిక్ష పడునది ఆ సీమ ప్రజలకు. ఆ సీమలలో మారిషసు, నేటాలు, ఫిజీ యుండెను. కోరంగి మొదలైన మన రేవులనుండియు, చెన్నపట్టణమునుండియు ఓడలెక్కి చెఱకుతోటల కూలికి పోయిన తెలుగువారు ఆ గవర్నరుల యేలుబడిలోనే బ్రదికిరి. లండనులో ఎవరి స్నేహితు డెవరో వారి కెట్లు తెలియును?

ఇక నౌకాదళపు లెక్కకు మరలుదము. ఆ ఫలితమును నేను నమ్ముచున్నాను. కాని అది చెప్పని సంగతి యొకటి నన్ను విడువదు. ఆ లెక్కలోనికి వచ్చినవా రందఱును పదోన్నతి పొందినవారే. ఓడ నిచ్చిన తరువాత చుట్టము గెలిచెనా, పరాయివాడు గెలిచెనా యని చూచితిమి. ఓడయే దొరకనివాడు ఏ వరుసలోను లేడు. ఆతని పేరునకు ఎదురుగా సున్నయైన నుండదు, పేరే యుండదు. పైగా వంశవృక్షమున కనబడునది రక్తసంబంధమును వియ్యమును మాత్రమే. ఒకే జిల్లావాడని, ఎన్నికలలో వోటులు తెచ్చిపెట్టినవాని కొడుకని చేసిన సాయము ఏ వృక్షమునను చిగురింపదు.

ఇందు కొంత వెలుగు నిచ్చినవాడు మైకేలు లూయిస్ అను చరిత్రకారుడు. 1793 నుండి 1815 వఱకు జరిగిన యుద్ధకాలపు అధికారులలో తలిదండ్రుల స్థితి తెలిసిన 1,800 మందిని ఏరి, 1960లో ప్రకటించిన గ్రంథమున పట్టిక వేసెను. సుమారు సగముమంది పాదరులు, వైద్యులు, నౌకాధికారులు మొదలగు వృత్తులవారి బిడ్డలు. నాలుగింట ఒకవంతునకు మించి భూస్వాముల బిడ్డలు. బిరుదుగల ప్రభువుల బిడ్డలు 216 మంది. చేతిపని చేసి బ్రదుకువారి బిడ్డలు 120 మంది. ఆ కాలపు ఇంగ్లాండులో చేతిపనివారే అధికసంఖ్యాకులు. వారి పాలు నూటి కేడైనను లేదు.

అట్టి యింట పుట్టినవాడే జేమ్స్ కుక్కు. ఆతని తండ్రి యార్క్‌షైరున పొలము పనివాడు. కుక్కు విట్బీ రేవున బొగ్గు మోయు ఓడలలో పని నేర్చి, 1755లో సామాన్య నావికుడుగా రాజనౌకాదళమున చేరెను. సెయింట్ లారెన్సు నదికిని న్యూఫౌండ్లాండు తీరమునకును ఆతడు గీచిన పటములు నావికులకు కన్నులైనవి. అంతటివాడు లెఫ్టినెంటైనది 1768లో, ముప్పదితొమ్మిదవ యేట, పసిఫిక్ మహాసముద్ర యాత్రకు ఆతడుగాక వేఱొకడు తగడని తేలినపుడు. రెండుమాఱులు భూగోళమును చుట్టి వచ్చిన పిమ్మట, 1775లో, పోస్టు కెప్టెను జాబితా కెక్కెను. అప్పటి కాతని వయసు నలువదియాఱు. ఐదేండ్ల తరువాత అదే జాబితాలో పదునైదేండ్ల జాన్ రాడ్నీ పేరు వ్రాయబడెను.